పల్లవి లేని పాట: అచ్చులో ఉన్న ఇంగ్లీషు కవిత పియానో పాటగా ఎలా మారుతుంది?

మా పక్క ఫ్లాట్‌లో ఇంటర్ చదివే అమ్మాయి వెస్టర్న్ సంగీతంలో గ్రేడ్ పరీక్షకి తయారవుతోంది. సాయంత్రం ఆరయ్యేసరికి కీబోర్డు దగ్గర చేరి ఒకే పాట పదేపదే పాడుతుంది. ఓ రోజు వాళ్ల నానమ్మ వంటింట్లోంచి అడిగింది: "ఏమే, రోజూ చరణాలే పాడుతున్నావు, పల్లవి ఎప్పుడు నేర్పుతారు?" దీనికి పల్లవి ఉండదు నానమ్మా, ఇది ఆర్ట్ సాంగ్, అంది పిల్ల. "అంటే?" అని పెద్దావిడ మళ్లీ అడిగితే మాత్రం జవాబు లేదు. గోడకి ఇటుపక్క వింటున్న నాకూ వెంటనే తట్టలేదు.

పిల్ల పాడుతున్నది 1904 నాటి పాట. మాటలు టెన్నిసన్‌వి, సంగీతం రోజర్ క్విల్టర్‌ది. ఎర్ర రేకూ నిద్రపోయింది, తెల్ల రేకూ నిద్రపోయింది అని మొదలవుతుంది. సినిమా పాటలా ఉండదు, కీర్తనలా ఉండదు, చర్చిలో పాడే పాటలానూ ఉండదు. ఇప్పుడైతే కవితను అతికిస్తే నిమిషంలో పాట చేసిచ్చే యాప్‌లు కూడా వచ్చాయి కాబట్టి, కవితకి ట్యూన్ కట్టడంలో అంత పని ఏముందనే మాటా వింటున్నాం. ఏముందో చూడాలంటే ఒకటి రెండు పాటల్ని విప్పి చూడాలి.

ముందు కవిత, తర్వాత పాట

ఆర్ట్ సాంగ్‌కి స్థూలంగా మూడు గుర్తులు చెప్పుకోవచ్చు. మాటలు అప్పటికే కవితగా అచ్చులో ఉంటాయి, చాలావరకు పాట కోసం రాసినవి కావు. గొంతుకీ పియానోకీ ప్రతి స్వరాన్నీ స్వరకర్త కాగితం మీద రాసిపెడతాడు. కచేరీలో మైకు లేకుండా ఒక గాయకుడు, ఒక పియానిస్టు పాడి వినిపిస్తారు. జర్మన్‌లో షూబర్ట్ పాటలతో ఈ పద్ధతి బాగా వేళ్లూనుకుంది. ఇంగ్లండులో దాని గొప్పరోజులు పందొమ్మిదో శతాబ్దం చివరి నుంచి ఇరవయ్యో శతాబ్దం మధ్యదాకా నడిచాయి.

మనకి అలవాటైన పద్ధతులు వేరు. సినిమాల్లో తరచుగా బాణీ ముందు పుడుతుంది, కవి దానికి మాటలు కూరుస్తాడు. త్యాగయ్య కృతుల్లో సాహిత్యం, సంగీతం ఒకే మనిషివి. ఆకాశవాణి లలిత సంగీతంలో కవి పాట కోసమే రాస్తాడు. ఘంటసాల పాడిన కరుణశ్రీ 'పుష్పవిలాపం' దీనికి కొంచెం దగ్గరగా వస్తుంది. పుస్తకంలో ఉన్న పద్యాలు గొంతులోకి వచ్చాయి. కానీ అక్కడ పద్యం రాగంలో స్వేచ్ఛగా సాగుతుంది, తాళానికి కట్టుబడి ఉండదు, వాద్యాలు వెనక నిలబడతాయి.

ఇంకా దగ్గరి పోలిక అన్నమయ్య. రాగిరేకుల మీద మాటలున్నాయి, రాగం పేరుంది, స్వరం లేదు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి లాంటివాళ్లు వాటికి మళ్లీ వరసలు కట్టారు. ఒకే సంకీర్తన రెండు బాణీల్లో విన్నప్పుడు మాట మారకపోయినా అర్థం కాస్త జరిగినట్టు అనిపిస్తుంది కదా. ఇంగ్లీషు ఆర్ట్ సాంగ్‌లో అసలు గొడవంతా ఆ జరుగుబాటు గురించే.

ఇంగ్లండులోనూ వాగ్గేయకారులు లేకపోలేదు. థామస్ కాంపియన్ వైద్యుడు, కవి, స్వరకర్త. 1601లో ఫిలిప్ రాసిటర్‌తో కలిసి వీణలాంటి ల్యూట్ వాద్యంతో పాడే పాటల పుస్తకం వేశాడు. ఆ మరుసటి ఏడాదే ఇంకో చిన్న పుస్తకంలో, ఇంగ్లీషు కవిత్వం అంత్యప్రాసలు వదిలేసి లాటిన్‌లా హ్రస్వ దీర్ఘాల లెక్క మీద నడవాలని వాదించాడు. లఘువు గురువు లెక్కేసుకునే మనకి ఆ వాదన వెంటనే ఎక్కుతుంది. ఇంగ్లీషువాళ్లకి ఎక్కలేదు. 1603లో శామ్యూల్ డేనియల్ దీన్ని ఖండిస్తూ ప్రాసను సమర్థించాడు, ఇంగ్లీషు కవిత్వం డేనియల్ దారినే పోయింది. ఎందుకు పోయిందో తెలిస్తే పాట కట్టడంలో సగం కిటుకు తెలిసినట్టే.

లఘువు గురువు కాదు, ఊనిక

తెలుగులో అక్షరం బరువు దాని రూపంలోనే ఉంటుంది. దీర్ఘమైతే గురువు, తర్వాత ద్విత్వమో సంయుక్తమో వస్తే గురువు. ఇంగ్లీషులో అలా కాదు. ఒక మాటలో ఏదో ఒక చోట గొంతు గట్టిగా ఆనుతుంది, మిగతాచోట్ల తేలిపోతుంది. దాన్నే ఊనిక అంటాం. మనం రికార్డు అనే మాటను నామవాచకానికీ క్రియకీ ఒకేలా పలుకుతాం. ఇంగ్లీషువాళ్లు వస్తువైతే మొదటి అక్షరం మీద ఊని 'రెకర్డ్' అంటారు, పనైతే రెండోదాని మీద ఊని 'రికార్డ్' అంటారు. ఊనిక తప్పితే మాటే మారిపోతుంది.

హౌస్‌మన్ అనే కవి చెర్రీ చెట్టు మీద రాసిన కవితలో రెండో పంక్తి చూడండి: 'ఈజ్ హంగ్ విత్ బ్లూమ్ ఎలాంగ్ ద బౌ'. కొమ్మ పొడవునా పూలు వేలాడుతున్నాయని అర్థం. హంగ్, బ్లూమ్, లాంగ్, బౌ అనే నాలుగు చోట్ల బరువు పడుతుంది. తేలిక తర్వాత బరువు, అంటే మన లెక్కలో వ గణం నాలుగుసార్లు. పాటలో ఆ నాలుగూ తాళం గట్టిగా పడే చోట కూర్చోవాలి. మొదటి మాట 'ఈజ్' తేలిక కాబట్టి అది దెబ్బ పడకముందే జారుకుని రావాలి. కర్ణాటక సంగీతం తెలిసినవాళ్లు దీన్ని అతీత ఎత్తుగడతో పోల్చుకోవచ్చు.

అదే కవిత మొదటి పంక్తి 'లవ్లియెస్ట్ ఆఫ్ ట్రీస్, ద చెర్రీ నౌ'. ఇక్కడ కవి లెక్క తప్పించాడు. మొదటి అక్షరం 'లవ్' మీదే బరువు. వ గణాల మధ్య ఒక్కసారిగా హ గణం వచ్చినట్టు. దానివల్ల కవిత చెట్టును చూసి హఠాత్తుగా నోరు తెరిచినట్టు మొదలవుతుంది. సంగీతం ఈ పంక్తిని కూడా రెండోదానిలాగే తేలిగ్గా ఎత్తుకుంటే ఆ ఆశ్చర్యం పోతుంది. 'చెర్రీ'లో 'రీ' మీద దెబ్బ వేస్తే ఇంగ్లీషు చెవికి అదేదో వేరే మాటలా వినిపిస్తుంది. మన పాటల్లో మాట నడుమ విరిచి పాడినా సర్దుకుపోతాం, 'ఎందరో' అన్న మాటను ఎలా సాగదీసినా ఎందరో గానే ఉంటుంది. అక్కడ ఆ వెసులుబాటు తక్కువ.

ప్రాస చోటు కూడా వేరే. మన పద్యంలో ప్రాస పంక్తి మొదట్లో, రెండో అక్షరంగా కూర్చుంటుంది. ఇంగ్లీషు ప్రాస పంక్తి చివర. పాశ్చాత్య సంగీతంలో స్వరాలు వచ్చి విశ్రాంతి తీసుకునేదీ పంక్తి చివరే. ప్రాస, విశ్రాంతి రెండూ ఒకేచోట కలవడంతో పాట కట్టేవాడికి సుఖమూ ఉంది, ప్రమాదమూ ఉంది. ప్రతి పంక్తి చివరా ఆగుతూ పోతే పాట బడిపిల్లలు పద్యం ఒప్పజెప్పినట్టు తయారవుతుంది.

చెర్రీ చెట్టు కింద కూడికలు తీసివేతలు

ఎ. ఇ. హౌస్‌మన్ లండన్ యూనివర్సిటీ కాలేజీలో లాటిన్ ప్రొఫెసర్. 1896లో 63 కవితలతో 'ష్రాప్‌షర్ ల్యాడ్' అనే పుస్తకం వేశాడు. ష్రాప్‌షర్ ఆయన సొంతూరు కాదు, పక్క జిల్లా వోస్టర్‌షర్‌లో పుట్టాడు. చిన్న చిన్న పంక్తులు, పల్లెటూరి కుర్రాళ్లు, పొలాలు, చావు. మొదట్లో పెద్దగా అమ్ముడుపోని ఆ పుస్తకం తర్వాత స్వరకర్తలకి నిధిలా దొరికింది. ఆర్థర్ సోమర్వెల్ 1904లోనే పది కవితలకి పాటలు కట్టాడు. 1911లో జార్జ్ బటర్‌వర్త్ ఆరు పాటలు అచ్చువేశాడు. ఇద్దరి పాటల వరసా చెర్రీ చెట్టుతోనే మొదలవుతుంది.

కవిత మొత్తం పన్నెండు పంక్తులు. మధ్యలో ఒక లెక్క ఉంటుంది. మనిషికి డెబ్బై ఏళ్లు. అందులో ఇరవై అయిపోయాయి, తిరిగి రావు. డెబ్బైలోంచి ఇరవై తీసేస్తే మిగిలేది యాభై. పూలు చూడటానికి యాభై వసంతాలు ఏం సరిపోతాయి, అందుకే అడవిలోకి పోయి మంచుతో నిండిన చెర్రీ చెట్టును చూస్తాను, అని ముగింపు.

ఆ లెక్క నవ్వించడానికా, ఏడిపించడానికా? ఇరవై ఏళ్ల కుర్రాడు ఇంకా యాభై ఏళ్లే ఉన్నాయని దిగులుపడటం చూసి నవ్వొచ్చు. వేళ్లు మడిచి ఆయుష్షు లెక్కపెట్టుకుంటుంటే గుండె కలుక్కుమనవచ్చు. చివర్లో వచ్చే మంచు కూడా అంతే. తెల్లటి పూలనే మంచు అన్నాడా, నిజంగా చలికాలంలోనూ వెళ్తానంటున్నాడా అన్నదాని మీద విమర్శకులు ఇప్పటికీ రెండు మాటలు చెబుతారు.

కాగితం మీద కవితకి ఈ రెండూ కలిపి ఉంచుకునే వీలుంది. మనం చదివేటప్పుడు తేల్చుకోనక్కర్లేదు. పాటకి ఆ వీలు బాగా తగ్గిపోతుంది. వేగం ఎంతో రాయాలి. 'యాభై' అన్న మాట పైస్థాయిలోనా కింద స్థాయిలోనా, గట్టిగానా మెల్లగానా, దాని కింద పియానో ఏ స్వరాలు పట్టుకోవాలి, అన్నీ తేల్చాలి. తేల్చిన ప్రతిదీ ఒక వ్యాఖ్యానమే. మల్లినాథుడు శ్లోకానికి వ్యాఖ్య రాసినట్టు స్వరకర్త కవితకి వ్యాఖ్య రాస్తాడు, కాకపోతే ఆ వ్యాఖ్య మూలంతో పాటే వినిపిస్తుంది, పక్కకి తీసి పెట్టలేం.

సోమర్వెల్ పాట నా చెవికి ఎండపొడలా హాయిగా ఉంటుంది, కుర్రాడు నిజంగా షికారుకే బయల్దేరినట్టు. బటర్‌వర్త్‌ది వేరు. పైస్వరం నుంచి మెల్లగా కిందికి జారే వరసతో ఎత్తుకుంటాడు. వికసించిన చెట్టు గురించి పాడుతుంటే రేకులు రాలుతున్నట్టు ఉంటుంది. కవితలో రాలడం అన్న మాట ఎక్కడా లేదు. పన్నెండు పంక్తుల్ని గట్టిగా చదివితే నిమిషం కూడా పట్టదు, ఈ పాట రెండున్నర మూడు నిమిషాలు తీసుకుంటుంది. ఆ మిగిలిన సమయమంతా స్వరకర్త అభిప్రాయంతో నిండి ఉంటుంది.

చనిపోయినవాడి ప్రశ్నలు, బతికున్నవాడి జవాబులు

అదే పుస్తకంలో ఇంకో కవిత ఉంది. దీనిమీదే పెద్ద తగాదా నడిచింది కాబట్టి కొంచెం తీరిగ్గా చూద్దాం. ఎనిమిది చరణాలు. ఒక చరణంలో చనిపోయిన కుర్రాడు సమాధిలోంచి ప్రశ్న అడుగుతాడు, తర్వాతి చరణంలో బతికున్న స్నేహితుడు జవాబు చెబుతాడు.

నేను తోలిన గుర్రాల జత ఇంకా దున్నుతోందా, వాటి జీను గలగల వినిపిస్తోందా అని మొదటి ప్రశ్న. దున్నుతోంది, నువ్వు మట్టి కింద ఉన్నా ఏమీ ఆగలేదు అని జవాబు. ఏటి ఒడ్డున కుర్రాళ్లు ఫుట్‌బాల్ ఆడుతున్నారా, నేనింక లేచి నిలబడలేనుగా అని రెండోది. ఆడుతున్నారు, గోల్‌పోస్టు నిలబడే ఉంది, గోల్‌కీపరూ నిలబడే ఉన్నాడు. మూడోది, నా పిల్ల బాగుందా, రాత్రి పడుకునేటప్పుడు ఏడ్చి ఏడ్చి అలిసిపోయిందా? హాయిగా పడుకుంటోంది, ఏడవడం లేదు, నువ్వు కదలకుండా నిద్రపో. చివరిది, నా స్నేహితుడు కులాసానా, నా పడక కన్నా మంచి పడక దొరికిందా వాడికి? దొరికిందిరా, సుఖంగా ఉన్నాను. ఒక చనిపోయినవాడి ప్రియురాలిని ఓదారుస్తున్నాను. ఎవరి ప్రియురాలని మాత్రం అడక్కు.

దీన్ని పాడేది ఒక్కడే గాయకుడు. ఇద్దరి గొంతులూ వాడే కావాలి. బటర్‌వర్త్ చనిపోయినవాడికి చాలా మెల్లగా, దాదాపు ఊపిరితో పాడే వరస ఇచ్చాడు. దాని కింద పియానో స్వరాలు ఆనడానికి నేల లేనట్టు నెమ్మదిగా దిగుతాయి. బతికున్నవాడి జవాబు దానికన్నా గట్టిగా, పొలం గట్టు మీద నిలబడి మాట్లాడినట్టు. ఇదే జంట నాలుగుసార్లు తిరిగి వస్తుంది. అన్ని చరణాలకీ ఒకే బాణీ వాడటంలో ఇబ్బంది ఒకటుంది, అర్థం మారుతున్నా సంగీతం మారదు. ఇక్కడ అదే పాటకి బలమైంది. గుర్రాల గురించి ధైర్యంగా చెప్పిన గొంతు, అదే బాణీలో ప్రియురాలి గురించి చెప్పాల్సి వచ్చేసరికి మనకే తేడా తెలుస్తుంది. చివరి పంక్తి దగ్గర మాత్రం ఆ ధీమా సడలిపోతుంది. పాట అయిపోయినట్టు కాకుండా, ప్రశ్న గాల్లో ఉండిపోయినట్టు ఆగుతుంది.

వాన్ విలియమ్స్ అనే ఇంకో స్వరకర్త 1909లో ఇదే కవితను పియానోతో పాటు నాలుగు తీగవాద్యాలు పెట్టి కట్టాడు. ఆయనది నాటకం. చనిపోయినవాడి గొంతు ఎక్కడో దూరం నుంచి సన్నగా వినిపిస్తుంది. బతికున్నవాడి వంతు రాగానే సంగీతం గాబరాపడుతుంది, చివరికి జవాబు కేకలా మారుతుంది. బటర్‌వర్త్ పాటలోని స్నేహితుడు నిజాన్ని దాచుకోవాలని చూస్తాడు, ఈ పాటలో స్నేహితుడికి మొదటి నుంచీ తప్పు చేశానన్న టెన్షన్ ఉన్నట్టే. కవితలో ఉన్నది ఒకే స్నేహితుడు.

రెండు చరణాలు కోసేస్తే

అయితే వాన్ విలియమ్స్ ఫుట్‌బాల్ చరణాలు రెండూ తీసేశాడు. సంగతి తెలిసి హౌస్‌మన్‌కి ఒళ్లు మండింది. నేను ఆయన సంగీతంలో రెండు బార్లు (అంటే తాళంలో రెండు ఆవర్తనాల్లాంటివి) కోసేస్తే ఆయనకెలా ఉంటుందో అని తన ప్రచురణకర్తకి రాశాడు. వాన్ విలియమ్స్ కూడా తగ్గలేదు. అర్థం చెడనంత వరకు కవితలో ఏ భాగమైనా తీసుకునే హక్కు స్వరకర్తకి ఉందన్నాడు. పైగా గోల్‌కీపర్ నిలబడ్డాడన్న పంక్తుల్ని నలుగురికీ వినిపించకుండా ఆపినందుకు కవి సంతోషించాలని చురక కూడా వేశాడు.

వాన్ విలియమ్స్ వాదనలో పస లేకపోలేదు. చదివేవాడు ఎనిమిది చరణాలు అర నిమిషంలో దాటిపోతాడు, వినేవాడికి ప్రశ్న-జవాబు, ప్రశ్న-జవాబు అని నాలుగు దఫాలు నడిస్తే నాటకం పలచబడుతుంది. ఆయన సంగీతం మొదటి నుంచే అంత పట్టుతో ఉంది కాబట్టి మధ్యలో ఆటల ముచ్చటకి చోటు లేదు.

కవి వైపు నుంచి చూస్తే పోయినవి రెండు చరణాలే కాదు. కవితంతా నిలబడటం, పడుకోవడం అన్న రెండు మాటల చుట్టూ తిరుగుతుంది. నేనింక నిలబడలేను అన్నది ఫుట్‌బాల్ చరణంలోనే ఉంది. గోల్‌కీపర్ నిలబడి కాపాడుతున్నాడన్నదీ అక్కడే. ఆ తర్వాతే పిల్ల పడుకోవడం, స్నేహితుడు పడుకోవడం వస్తాయి. కాపలా కాయాల్సిన స్నేహితుడు ఏం చేశాడో తెలిశాక గోల్‌కీపర్ పంక్తి వెనక్కి తిరిగి చూస్తే నవ్వులాట కాదు. ఇంకోటి, అసలు అడగాలనుకున్న ప్రశ్న అడగలేక గుర్రాల గురించీ ఆటల గురించీ అడిగి కాలయాపన చేసే మనిషిని మనమందరం ఎరుగుదుం. ఊరికి ఫోన్ చేసి వాన పడిందా, ఆవు ఈనిందా అని అడిగి, పెట్టేసే ముందు మాత్రమే అసలు మాట అడుగుతాం.

నాకు హౌస్‌మన్ వాదనే ఎక్కువ నచ్చుతుంది. బటర్‌వర్త్ ఎనిమిదీ ఉంచి పాటను నిలబెట్టాడు కాబట్టి అది అసాధ్యం కాదని కూడా తెలుసు. కానీ వాన్ విలియమ్స్ పాట వింటున్న ఆ నాలుగు నిమిషాలూ ఈ అభిప్రాయం నాకు గుర్తుకు రాదు, అదీ నిజమే.

పియానోకి మాటలు రావు, కానీ గుర్తుంటాయి

ఈ పాటల్లో పియానోని వెనక వాయించే వాద్యం అనుకుంటే సగం పాట వినలేదన్నమాట. సోమర్వెల్ పాటల వరసలో తొమ్మిదోదానికి ఎనిమిది పంక్తుల కవిత. పోగొట్టుకున్న ఊరిని దూరం నుంచి చూస్తూ, ఆ దారుల్లో సంతోషంగా తిరిగాను, మళ్లీ రాలేను అంటాడు. ఇక్కడ గాయకుడు దాదాపు ఒకే స్వరం మీద నిలబడి మాటలు పలుకుతుంటాడు. అదే సమయంలో పియానో మొదటి పాట బాణీని, అదే చెర్రీ చెట్టు బాణీని ఎత్తుకుంటుంది. మనిషి నోటితో రాలేను అంటున్నాడు, వేళ్ల కింద మాత్రం ఊరు వినిపిస్తోంది. అసలు కవితలో చెట్టు ప్రస్తావనే లేదు.

బెంజమిన్ బ్రిటెన్ 1953లో థామస్ హార్డీ కవితలకి కట్టిన పాటల్లో, రాత్రి రైల్లో మూడో తరగతి పెట్టెలో ఒంటరిగా పోతున్న పిల్లవాడి పాట ఒకటుంది. టికెట్టు టోపీ పట్టీలో దోపుకుని ఉంటాడు. ఎక్కడికి పోతున్నాడో, ఎక్కణ్నుంచి వస్తున్నాడో తనకే పట్టనట్టు కూర్చుంటాడు. పియానో రైలు కూతతో మొదలుపెడుతుంది. ఆ కూత వినగానే పెట్టె, చీకటి, దూరం అన్నీ వచ్చేస్తాయి. కవి వర్ణించాల్సిన పని మిగలదు.

ఒక అక్షరానికి ఎన్ని స్వరాలు?

ఇంకో పాత తగవు ఇది. జెరల్డ్ ఫిన్జీ హార్డీ కవితల్ని, షేక్స్‌పియర్ పాటల్ని కట్టినప్పుడు ఎక్కువగా ఒక అక్షరానికి ఒక స్వరం అనే పద్ధతి పాటించాడు. మనిషి మాట్లాడే నడకే పాట నడక. కవితను గౌరవించడమంటే ఇదే అంటారు ఆయన అభిమానులు. ఇలా చేస్తే సంగీతం చేతులు కట్టుకుని కూర్చోవాల్సి వస్తుందని అవతలివాళ్ల ఫిర్యాదు. పదిహేడో శతాబ్దంలో హెన్రీ పర్సెల్ ఒక్క మాట మీద స్వరాల మెలికలు వేసేవాడు. పర్సెల్ తర్వాత ఇంగ్లీషు మాటల సంగీతంలో ఆ మెరుపు తగ్గిపోయిందనీ, దాన్ని తిరిగి తేవాలన్నది తన ఉద్దేశమనీ బ్రిటెన్ చెప్పుకున్నాడు. సంగతులు, గమకాలు విని పెరిగిన మన చెవికి పర్సెల్ పక్షం సులువుగా నచ్చుతుంది. ఫిన్జీ మొదటిసారి వింటే, ఇదేమిటి మాట్లాడుతున్నట్టుందే అనిపిస్తుంది. మాటలు తెలిశాక మళ్లీ వింటే వేరు.

పాడేవాళ్ల బాధలు వేరే ఉన్నాయి. తెలుగు మాట సాధారణంగా అచ్చుతో ముగుస్తుంది, ఎక్కడ సాగదీసినా గొంతు తెరుచుకుంటుంది. ఇంగ్లీషు మాటలు హల్లుల మీద తలుపులా మూసుకుంటాయి. 'నౌ', 'బౌ' లాంటి మాటల్లో రెండు అచ్చులు కలిసి ఉంటాయి. స్వరం పొడుగ్గా ఉంటే మొదటిదైన 'ఆ' మీదే నిలబడి, వదిలే ముందు మాత్రమే 'ఊ'కి రావాలి. మన పిల్లలు చాలామంది ముందే 'ఊ'కి వచ్చేసి స్వరాన్ని నొక్కేస్తారు. ఇక ఆడగొంతు బాగా పైస్థాయికి పోతే అచ్చుల మధ్య తేడాయే చెరిగిపోతుంది, ఏ మాటైనా 'ఆ' లాగే వినిపిస్తుంది. ముఖ్యమైన మాటను అంత పైన పెట్టకూడదని అనుభవమున్న స్వరకర్తకి తెలుసు.

ఎవరి కవిత, ఏ ప్రతి, ఎవరి అనుమతి

కొత్తగా పాట కట్టాలనుకునేవాళ్లు కాపీరైటు చూసుకోవాలి. మన దేశంలో కవి చనిపోయాక 60 ఏళ్లు, బ్రిటన్‌లో 70 ఏళ్లు హక్కులు ఉంటాయి. 1936లో చనిపోయిన హౌస్‌మన్ రెండు చోట్లా ఇప్పుడు అందరివాడు. బతికుండగానే ఆయన అడిగినవాళ్లకి పెద్దగా అడ్డు చెప్పలేదు, డబ్బూ పుచ్చుకోలేదు. కోపమంతా కోతల మీదే. అందరూ అలా ఉండరు. అమెరికన్ స్వరకర్త ఎరిక్ విటేకర్ రాబర్ట్ ఫ్రాస్ట్ కవిత ఒకదానికి బృందగానం కట్టాక ఫ్రాస్ట్ హక్కుదారులు కుదరదన్నారు. చేసేది లేక అదే బాణీకి, అదే ఛందస్సులో మరో కవి చేత కొత్త మాటలు రాయించుకున్నాడు. అంటే ఆర్ట్ సాంగ్ లోకం నుంచి వచ్చినవాడు మన సినిమా పద్ధతికి మారాల్సి వచ్చింది.

కవితకి ఏ అచ్చుప్రతి వాడుతున్నామన్న విషయంలోనూ జాగ్రత్త అవసరం. ఆరన్ కోప్లండ్ 1950లో ఎమిలీ డికిన్సన్ కవితలు పన్నెండింటికి పాటలు కట్టాడు. మృత్యువు బండి ఎక్కించుకుని తీసుకుపోయే ప్రసిద్ధ కవిత చివరిది. 1890లో తొలిసారి అచ్చువేసిన సంపాదకులు అందులో ఒక చరణం వదిలేశారు. కోప్లండ్ చేతికి వచ్చింది ఆ పాఠమే. కాబట్టి ఆ పాటలో ఆ చరణం లేదు, తప్పు ఆయనది కాకపోయినా.

హైదరాబాదు నుంచి లండన్ వెళ్లిన పల్లకీ

మన వైపు నుంచి ఈ లోకంలోకి వెళ్లిన పేరు సరోజినీ నాయుడు. హైదరాబాదులో పుట్టిన ఆమె ఇంగ్లీషు కవితల పుస్తకం 'గోల్డెన్ థ్రెషోల్డ్' 1905లో లండన్‌లో వచ్చింది. అబిడ్స్‌లోని ఇల్లు ఇప్పటికీ ఆ పేరుతోనే ఉంది. పుస్తకం వచ్చిన కొద్దికాలానికే లిజా లేమన్ అనే ఆంగ్ల స్వరకర్త ఆ కవితల్ని తీసుకుని, అదే పేరుతో నాలుగు గొంతులకి పాటల మాల కట్టింది. ఒకే గొంతు కాదు కాబట్టి నిక్కచ్చిగా ఆర్ట్ సాంగ్ అనలేం, చుట్టరికం మాత్రం ఉంది.

ఇంగ్లీషు పాఠంలో చాలామంది చదువుకున్న సరోజిని పల్లకీ బోయీల కవిత తీసుకోండి. 'లైట్లీ, ఓ లైట్లీ వి బేర్ హర్ ఎలాంగ్'. బరువు, తేలిక, తేలిక. బరువు, తేలిక, తేలిక. మన భ గణం మూడుసార్లు వచ్చి చివర ఒక గురువు. పైకి చదివితే తిశ్రగతి తానే వచ్చేస్తుంది, భుజం మీద పల్లకీ ఊగుతుంది. ఇలాంటి కవితకి బాణీ కట్టడం సుళువని అనిపిస్తుంది, నిజానికి కష్టం. కవితే అంతగా ఊగుతుంటే సంగీతం కొత్తగా చేయాల్సింది ఏముంటుంది? ఊపును అనుసరిస్తే ఉయ్యాల పాటవుతుంది, అనుసరించకపోతే పల్లకీ కింద పడుతుంది. కవిత్వం ఎంత సంగీతంగా ఉంటే పాటకి అంత తక్కువ పనికొస్తుందని వాదించేవాళ్లు ఇలాంటివే చూపిస్తారు. హార్డీ గరుకు పంక్తులు ఫిన్జీకీ బ్రిటెన్‌కీ అంత బాగా పనికిరావడం కూడా వాళ్లకి సాక్ష్యమే.

గజల్‌లోంచి మాయమైన ఆరు పంక్తులు

ఇక పక్కింటి పాటకి వద్దాం. టెన్నిసన్ కవిత 1847 నాటిది, 14 పంక్తులు, ప్రాస లేదు. కానీ హైదరాబాదువాళ్ల చెవికి ఒక సంగతి తట్టాలి. ఐదు భాగాలుంటే ఐదూ ఇంగ్లీషు 'మీ' (me) అన్న మాటతో ముగుస్తాయి. 'నాతో' మేలుకో, 'నాకు' మెరుస్తోంది, 'నాకు' తెరుచుకుంది, 'నాలో' ఉంది, 'నాలో' కరిగిపో. ఇది గజల్‌లో పదేపదే చివర తిరిగివచ్చే మాట, అంటే రదీఫ్ కాక మరేమిటి? సైప్రెస్ చెట్టు, నెమలి, కలువ లాంటి సరంజామా కూడా పారశీక తోటలోదే. టెన్నిసన్ గజల్ ఛాయలో రాశాడని పండితులు చెప్పేది ఇందుకే. సినారె తెలుగు గజళ్లు విన్నవాళ్లకి ఆ తిరిగివచ్చే మాట మహిమ వేరే చెప్పక్కర్లేదు.

క్విల్టర్ మొదటి నాలుగు పంక్తులూ, చివరి నాలుగు పంక్తులూ తీసుకుని మధ్యలో ఆరు వదిలేశాడు. నెమలి పోయింది. రాలే చుక్క పోయింది. నేలంతా నక్షత్రాలకి డానాయీలా పరుచుకుందన్న పంక్తీ పోయింది. డానాయీ అనే రాకుమారి దగ్గరికి బంగారు వానగా దిగివచ్చిన గ్రీకు దేవుడు జూస్ కథ తెలియనివాళ్లకి ఆ పంక్తి కచేరీలో అర్థం కాదు, ఆగి చెప్పడానికీ ఉండదు. మిగిలినవి రెండు సమానమైన చరణాలు, చక్కటి పాట కొలత. మూడు దెబ్బల నడక, ఐదు దెబ్బల నడక మారుతూ పోవడంతో లెక్క కట్టినట్టు కాక ఊపిరి తీసినట్టు సాగుతుంది. కానీ 'మీ' ఐదుసార్లకి బదులు రెండుసార్లే వినిపిస్తుంది. రెండుసార్లు వస్తే అది రదీఫ్ అని ఎవరికీ తోచదు.

కవిత పూర్తి పాఠం ప్రింటు తీసి పిల్లకిచ్చాను. నెమలి పంక్తి దగ్గర ఆగి, ఇది నా పాటలో లేదే అంకుల్, అంది. రెండు చరణాల నడుమ పియానో ఒక్కటే మోగే చిన్న జాగా ఉంది. అప్పటిదాకా అక్కడ పిల్ల మంచినీళ్లు తాగేది. ఆ సాయంత్రం ఆ చోట గోడ అవతల గ్లాసు చప్పుడు వినిపించలేదు. పియానో కూడా కాస్త నెమ్మదించింది, ఎవరో మాట్లాడటం పూర్తయ్యేదాకా ఆగినట్టు. నానమ్మ మాత్రం, "మధ్యలో ఆపావేం, మర్చిపోయావా?" అంది.